మొదటి సీజన్ మనుషులు

మా బాబాయి మనుషుల్ని మనుషుల్లా చూడడు. ఎవరు ఎదురైనా అంతరిక్షం సీరియల్లో పాత్రని చూసినట్టు చూసి, మొదటి సీజన్ నుంచి ఇప్పటిదాకా ఏమైనా ఎదిగారా లేదా అని తేల్చేస్తాడు. చేసేది టీవీలు బాగుచేసే పని. బాగైన టీవీని పరీక్షించాలన్న వంకతో కొట్లో పొద్దస్తమానం రాకెట్లు ఎగురుతూనే ఉంటాయి.

"ఆ అంతరిక్ష ఓడ సీరియల్లో కెప్టెన్ని చూడవే, మొదట్లో ఒట్టి పిరికిపంద. పోనుపోను ఎలా రాటుదేలాడో! ఈ రోబో సీరియల్లో డాక్టరమ్మ ఉంది, ఎందుకూ? ఎన్ని సీజన్లయినా అదే మొహం, అదే సణుగుడు. అచ్చం మీ పిన్నే."

"నాకు వినబడుతోంది!" అని లోపల్నుంచి పిన్ని.

"చూశావా? డైలాగు కూడా మారలేదు."

పక్కకొట్టు దర్జీని "మీరు రెండో సీజన్లోనే ఆగిపోయారండీ" అన్నాడు. పాపం ఆయన అదేదో జబ్బనుకుని బెంగపెట్టుకున్నాడు.

సీరియల్ సంగతి తప్పు చెబితే మాత్రం బాబాయి దేవుణ్ణయినా వదలడు. ఓసారి తను ఆపరేషన్ బల్ల మీద ఉండగా, మత్తు డాక్టరు మాట కలుపుతూ, రోబో మొదటి అబద్ధం ఆడింది మూడో సీజన్లో అన్నాడట. బాబాయి చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. "నాలుగో సీజన్. ఒప్పుకుంటేనే సూది!" డాక్టరు ఒప్పుకున్నాకే కళ్లు మూశాడు.

ఆ కొట్లోనే పని నేర్చుకోవడానికి పిన్ని తమ్ముడు, మా మావయ్య చేరాడు. అప్పటికే చేరిన ప్రతి పనీ మానేసి వచ్చినవాడు. ఓరోజు పళ్ల డాక్టరుగారి పెద్ద టీవీ వెనక మూత విప్పుదామని బల్లమీద బోర్లా పెట్టాడు. కింద స్క్రూడ్రైవర్ ఉంది. తెర టపీమంది. సరిగ్గా అప్పుడే డాక్టరుగారు గుమ్మంలోకి వచ్చారు. ఆయన నానా మాటలూ అని వెళ్లాక మావయ్య సంచి భుజాన వేసుకున్నాడు.

"నాకు ఏ పనీ చేతకాదు బావా. వెళ్లిపోతాను. ఇంకెక్కడా చేరను."

"పోనీండి! వీడెప్పుడు బాగుపడ్డాడు గనక!" అంటూ పిన్ని ఏడుపు. ఈసారి వెళ్తే మావయ్య ఇంక లేవడని అందరికీ తెలుసు.

బాబాయి తల కూడా ఎత్తలేదు. "కూర్చోరా. ఓడ సీరియల్లో ఇంజనీరొకడున్నాడు. మొదటి సీజన్లో సగం ఓడ పేల్చేశాడు. రోబో సీరియల్లో అలాంటివాణ్ణి గెంటేశారు, కథ చప్పబడిపోయింది. ఓడవాళ్లు మాత్రం ఉంచుకున్నారు. ఐదో సీజన్‌కల్లా ఓడంతా వాడి చేతుల్లోనే!"

రాకెట్ కనబడితే నిద్రపోయే మావయ్య కళ్లు పెద్దవి చేశాడు. "నిజంగానా బావా?"

"సీరియల్ విషయంలో నేనెప్పుడైనా తప్పు చెప్పానా? సంచి దింపు. ముందు బల్లంతా చేత్తో తడుము, ఆ తర్వాతే టీవీ పెట్టు."

డాక్టరుగారికి కొత్త తెర బాబాయే వేయించి ఇచ్చాడు. ఇప్పుడు మావయ్య పసిపిల్ల వీపు నిమిరినట్టు బల్ల నిమిరిగానీ పని మొదలుపెట్టడు. పళ్ల డాక్టరుగారు కూడా "మీ బావమరిదినే పంపండి" అంటున్నారు.

మొన్న జ్వరంతో మంచానపడి, ఏమీ తోచక, ఆ ఓడ సీరియల్ మొత్తం చూశాను. కోపంతో ఒళ్లు మండిపోయింది. లేవగానే కొట్టుకి పరిగెత్తాను.

"బాబాయ్! ఆ ఇంజనీరు రెండో సీజన్లోనే చచ్చిపోయాడు కదా!"

బాబాయి నా నోరు మూసి బయటికి లాక్కుపోయాడు. లోపల మావయ్య ఎవరి టీవీనో విప్పుతున్నాడు.

"మెల్లిగా ఏడువు! వాడు వింటాడు."

"అంటే నువ్వు తప్పు చెప్పావా? నువ్వు?"

"తప్పు నాదేంటే? ఆ రాసినవాళ్లకి ఓపిక లేదు, చంపేశారు. నాకుంది, ఉంచుకున్నాను."