మెట్లకాడ రెండుసార్లు మొరిగింది

నిన్న మా మామ నా లుంగీ కట్టుకొని మానవపాడుకు బస్సెక్కిండు. ఎందుకో చెప్త, గని చాయ్ గ్లాసులు కింద పెట్టి వినుండ్రి. పొద్దుగాల మా షాపు సేటుకు చెప్తే నవ్వాపలేక నోట్ల చాయ్ నా అంగి మీదనే ఉమ్మిండు.

మా తెలకపల్లిల కోతులు తెలుసు గదా! మా ఇంట్ల అయితే కిరాయికున్నట్టు తిరుగుతయి. మా సుజాత ఓపిక పట్టింది, పట్టింది. ఆఖరికి ఒక కోతి ఆమె చేతుల పూరీ గుంజుకొని, ఆమె ముంగటనే కూసొని తిన్నది. "ఈ ఇంట్ల అవన్న ఉండాలె, నేనన్న ఉండాలె" అని సంచి సదురుకొని పుట్టింటికి పోయింది. పోయి వారం దాటె. నిజం చెప్తున్న, ఆమె లేక నాకు బువ్వ సయిస్తలేదు. నిన్న వాళ్ళ నాయన వస్త అన్నడు. కోతుల బాధ తీరిందో లేదో కండ్లార చూసి, తీరిందంటేనే బిడ్డను పంపుతడంట!

నేను ఊకుంటనా? నాగర్‌కర్నూల్ల ఎలక్ట్రికల్ షాపుల పని నాది. దుకాణాల గుమ్మానికి పెడ్తరు చూడుండ్రి, ఎవరన్న అడ్డం పోతే మోగే సెన్సర్ గంటలు, గవి ఐదు పట్టుకొచ్చిన. ఒక్కోదానిది ఒక్కో కూత. గేటుకాడిది "వెల్‌కమ్" అంటది. ఎనక గోడ మీద పిట్ట కూస్తది. మెట్లకాడ కుక్క మొరుగుతది. వంటింట్ల గుడిగంట. మిద్దె మీద పల్లీలు ఆరబోసినకాడ పోలీసు సైరన్. దేని ఎనక ఏది మోగిందో వింటే చాలు, ఎవడు ఎటు పోతుండో కూసున్నకాడికెల్లి చెప్పొచ్చు! ఒక్కటే కొరత. ఏదో కదిలిందని గంటకు తెలుస్తది, కదిలిందెవరో దానికి తెల్వది. గది నా దిమాక్ చూసుకుంటది అనుకున్న.

పెరట్ల నీళ్ళ డ్రమ్ము ఎనక పైపు పట్టుకొని నక్కిన. ఆడికెల్లి మెట్లు కానరావు, వంటిల్లు కానరాదు. మిద్దె పిట్టగోడ మాత్రం కానొస్తది.

"వెల్‌కమ్!" మామ వచ్చిండు. లేవబోయిన. గంతల్నే గోడ మీద పిట్ట కూసింది. కోతి! మామ ముంగటనే కోతిని తరిమితే సుజాత రేపే వస్తది గదా! మల్ల కూసున్న.

మెట్లకాడ కుక్క మొరిగింది. ఎంబడే ఇంకోసారి మొరిగింది. అంటే ఇద్దరు ఆడికే వచ్చిన్రు. తర్వాత వంటింట్ల గుడిగంట, మిద్దె మీద సైరన్. ఒకరు లోపలికి పోయిన్రు, ఒకరు పైకి పోయిన్రు. మరి ఎవరు ఎటు? లెక్క కట్టిన. మామకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కడు. కోతికి కావాల్సినయి పల్లీలు. మామ వంటింట్ల, కోతి మిద్దె మీద. అయిపాయె!

వంటింటి దిక్కు మొఖం పెట్టి మర్యాదగ కేకేసిన. "మామా, ఎండలవడి వచ్చిన్రు, జర కూసోండ్రి! పెద్ద డబ్బల పల్లీ లడ్లున్నయి, మీకోసమే! మొహమాటపడకుండ్రి!"

లోపల డబ్బ మూత ఊడిన సప్పుడు. గిన్నెలు ధనధన కింద పడ్డయి.

"నిమ్మలంగ మామా, నిమ్మలంగ! మీ ఇల్లే అనుకోండ్రి!"

ఇటు పిట్టగోడ పక్కన ఏదో వంగి కదిలింది. పైపు ఎత్తి నీళ్ళు కొట్టిన. "దొంగమొఖందానా! పరాయి ఇంట్ల తిననీకే సిగ్గులేదా? ఇంకోసారి ఈ గడప తొక్కినవంటే తోక కోసి చేతుల పెడ్త!"

మిద్దె మీదికెల్లి వణుక్కుంట ఒక గొంతు వినొచ్చింది. "అల్లుడా! ఒక్కటే పల్లి ఇప్పి చూసిన! నోట్లె గూడ ఏసుకోలె!"

నా చేతుల పైపు జారింది. రైతు మనిషి, మిద్దె మీద పల్లీలు ఎండుతుంటే చూడకుండ ఉంటడా? మోకాళ్ళు పోతే పాయె అని ఎక్కిండు! మరి నేను మర్యాద చేసిందెవరికి? గంతల్నే వంటింటి కిటికీలకెల్లి ఆ పెద్దమనిషి లడ్ల డబ్బ సంకల పెట్టుకొని, నా దిక్కు ఒకసారి చూసి, గోడెక్కి పోయిండు. పిట్ట కూసింది.

మామ తడిసి ముద్దయి దిగిండు. "మెట్లకాడ నా ఎనకనుంచి ఏదో ఉరికింది అల్లుడా. కుక్క మొరిగే, మీ కుక్కే అనుకున్న" అన్నడు. లుంగీ తెచ్చిచ్చిన. అది కట్టుకొని బిడ్డకు ఫోన్ కొట్టిండు. ఇగ సుజాత ఈ జన్మల రాదు అనుకున్న.

"బిడ్డా, కోతులు యాడికి పోలె. గని నువ్వు జల్ది రా. అల్లుడు కోతిని మామా అంటుండు, నాకు తోక కోస్త అంటుండు. ఒక్కన్ని ఇడిసిపెట్టేటట్టు లేదు."

ఇయ్యాల పొద్దుగాల ఫస్టు బస్సుకే దిగింది! వచ్చుడు వచ్చుడే గంటలన్ని పీకింది. కుక్క మొరిగేది ఒక్కటి ఉంచి, కొత్త లడ్ల డబ్బ ముంగట పెట్టింది. "డబ్బ ముట్టిందెవరో గంటకు తెల్వది గదా" అన్న.

"దానికి తెల్వకున్న నాకు తెలుసు" అన్నది.

పొద్దటిసంది కోతి ఒక్కటి గూడ రాలె. గంట మాత్రం రెండుసార్లు మొరిగింది.