ఎదురింటి డబ్బా నంబరు

మొదట ఆ మాట నాకు చెప్పింది మా గల్లీలో ఇంటర్నెట్ వైర్లు లాగే అన్న. స్తంభం దిగి, చేతులు దులుపుకుంటూ మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అక్కా, మీ వైఫై డబ్బా, ఎదురింటి డబ్బా ఒక్కటే నంబరు చెప్తున్నయ్. కవలలకైనా పేర్లు వేరే పెడ్తరు గదా! గిది మాట్లాడ్తుంటే గది నోరు మూస్కుంటది."

నా చేతిలో హారతి పళ్లెం ఉంది. ఎక్కడ పెట్టాలో తోచలేదు.

వానాకాలం మొదట్లో మావారు నిజామాబాద్ నుంచి పాత వైఫై డబ్బా తెచ్చారు. ఇంటర్నెట్ కంపెనీ తానిచ్చిన డబ్బాలను తప్ప వేరేవాటిని లైనులోకి రానివ్వదు. ప్రతి డబ్బాకూ పుట్టుకతో ఒక నంబరు ఉంటుందట, దాన్నిబట్టే గుర్తుపడుతుందట. బోధన్‌లో రిపేరు షాపతను, "నడుస్తున్న డబ్బా నంబరు తీస్కరా అక్కా, దీంట్ల పర్మనెంట్‌గ రాసేస్త. బంద్ చేసి పెట్టినా పోదు" అన్నాడు.

ఎదురింటి అక్కను వాళ్ల డబ్బా నంబరు అడిగాను. ఎందుకని కూడా అనలేదు. తమ డబ్బాను వెనక్కి తిప్పి, కొంగుతో దుమ్ము తుడిచి, ఫోటో బాగా రావాలని వెలుతురులోకి పట్టుకుంది. బాపు దగ్గర ఇంట్లోనే నాలుగు అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటిది తరగదు కదా, నంబరూ అంతే అనుకున్నాను. షాపతను ఆ నంబరు రాసిచ్చి, లైను వచ్చిన రోజు డబ్బాకు బొట్టు పెట్టి దేవుడికి దండం పెట్టుకున్నాను.

అక్క కూతురు ల్యాప్‌టాప్‌లో, ఆన్‌లైన్‌లో ఎడపల్లి, వర్ని ఊళ్ల పిల్లలకు లెక్కలు చెబుతుంది. ఆమె పాఠం మొదలయ్యే వేళకే నేను మా డబ్బా ఆన్ చేసి భజన పెట్టుకునేదాన్ని. పాఠం మధ్యలో ఆగిపోయేది. ఒక్కొక్కరే పిల్లలు మానేశారు. "మా లైనుకు ఏం దిష్టి తగిలిందో, నువ్వన్న మొక్కు చెల్లె" అంటూ అక్క వచ్చేది. మొక్కాను. రోజూ, ఆ భజన వింటూనే.

అన్న వెళ్లగానే డబ్బా వైరు పీకి, ఎదురింటికి పోయి అంతా చెప్పాను. అక్క తమ డబ్బా వైపు చూసింది.

"మొక్కుడెందుకు చెల్లె, గా స్విచ్ బంద్ చేస్తే అయిపోతుండె."

లోపల ఆమె కూతురు నా వైపు చూడకుండా ల్యాప్‌టాప్ మూసింది.

షాపతను మా డబ్బాలో దాని పుట్టు నంబరే తిరిగి రాశాడు. ఇప్పుడది అల్మారాలో ఉంది. అక్క ఇంకా పలకరిస్తోంది. అందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పుకోవడానికి కూడా నాకు నోరు రావడం లేదు. పిల్లలు మాత్రం తిరిగి రాలేదు.

నా మొక్కు మీద నాకు నమ్మకం చాలడం లేదు. మీరు సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆ అమ్మాయిని ఒక్కసారి తలచుకోండి, పిల్లలు మళ్లీ ఆమె పాఠానికి రావాలని.