ఫ్రీజర్‌లో రూపాయి బిళ్ల

ఏ గిన్నె మూత తీసినా వెంకటేశానికి ముందు ముక్కు పనిచేస్తుంది, తర్వాతే చెయ్యి. లక్డారంలో రెండెకరాల పొలం ఉన్నా ఇరవై రెండేళ్లుగా గడ్డపోతారంలోని ఓ మందుల కంపెనీ స్టోర్‌లోనే ఆయన పని. వచ్చిన ప్రతి డ్రమ్ము మీద తారీఖు చూడాలి, సీలు చూడాలి, అనుమానమొస్తే పక్కన పెట్టించాలి. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. కూర ఎప్పటిదో అడగకుండా ఆయన ముద్ద కలపడని భార్య రాధమ్మకు ఏనాడో తెలుసు. కోడలు స్నిగ్ధ వచ్చి ఏడాదే అయింది.

ఈసారి దసరాకు రాధమ్మ చెల్లెలి తరఫున పదిహేను మంది వస్తామన్నారు. పొద్దుటి నుంచి పట్టిన వాన విడవలేదు, వచ్చింది నలుగురే. బగారన్నం, మటన్, గారెలు, డబ్బా నిండా పూర్ణం బక్షాలు మిగిలిపోయాయి. పారేయడానికి స్నిగ్ధకు మనసొప్పలేదు. నెయ్యి రాసిన బక్షాలు బయట ఉంచి, మిగతావన్నీ ఫ్రిజ్‌లో సర్దింది.

మర్నాడు పొద్దున్నే సగం గారెలు పెరుగులో నానేసి పోపు పెట్టింది. బగారన్నంలో శనగపిండి, ఉల్లిగడ్డ కలిపి వడల్లా కాల్చింది. ఆమె భర్త రాకేష్ రెండుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. వెంకటేశం ఒక వడ విరిచి చూశాడు. లోపల బగారన్నంలోని లవంగం కనబడింది. నిన్నటి అన్నమేనా అని అడిగి, పళ్లెం పక్కకు జరిపాడు. రాధమ్మ అప్పటికప్పుడు అన్నం వండి పచ్చిపులుసు చేస్తే తిన్నాడు. తర్వాత అందరూ ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ గుడికి వెళ్లి, పొద్దుగూకే వేళకు తిరిగొచ్చారు.

మూడో రోజు మిగిలిన మటన్‌ను గుడ్లతో పొరటు చేద్దామని స్నిగ్ధ ఫ్రిజ్ తెరిచింది. ఫ్రీజర్‌లో ఒక మూలకు చిన్న స్టీలు గ్లాసు. అందులో ఐసు, ఐసు అడుగున రూపాయి బిళ్ల. రాధమ్మకు చూపిస్తే ఆమె ముఖం మారింది, ఇంటి మీద ఎవరు చేతబడి చేయించారో అనుకుంది. స్నిగ్ధ అనుమానం మాత్రం నేరుగా మామ మీదికే పోయింది.

"మామా, ఇది మీరు పెట్టిండ్రా?"

వెంకటేశం గ్లాసు అందుకుని లోపలికి చూశాడు. "పండుగనాడు నీళ్లు గడ్డకట్టినంక బిళ్ల పైన పెట్టిన. ఇప్పుడు అడుగుకు పోయింది. అంటే ఐసు కరిగి మళ్ల గట్టిపడ్డది. నిన్న మనం లేనప్పుడు కరెంటు పోయింది బిడ్డా. మటన్ పారబొయ్యి."

కంపెనీ కోల్డ్ రూంలో ఎవరో నేర్పిన ఉపాయమట. స్నిగ్ధ కూర వాసన చూసింది. బాగానే ఉంది. అత్తకూ చూపించింది, ఆమెకూ ఏమీ తెలియలేదు. తను చేసింది తప్పని తేల్చడానికే ఇదంతా అనిపించింది.

"నా మీద నమ్మకం లేకనే గదా పెట్టిండ్రు?"

"లేకనే పెట్టిన," అన్నాడాయన. "నీ మీద గాదు, ఫ్రిజ్ మీద. వాసనకు అన్నీ తెల్వయ్."

కరెంటు పోయిందన్న మాటా నమ్మక స్నిగ్ధ పక్కింటి శ్రీలతను అడిగొచ్చింది. నిన్న తొమ్మిదింటికి పోయిన కరెంటు నాలుగు దాటాకే వచ్చిందని ఆమె చెప్పింది. మటన్, మిగిలిన గారెలు, అన్నం అన్నీ రాకేష్ పెరట్లో గుంత తీసి పూడ్చాడు. తన మాటే నిజమైనా వెంకటేశానికి మధ్యాహ్నం అన్నం సయించలేదు. గుంత పూడ్చినప్పటి నుంచి కోడలు ఆయనతో మాట్లాడలేదు మరి.

సాయంత్రం ఆమే పిలిచింది. బయట ఉంచిన బక్షాలు తుంచి, పాలలో వేసి ఉడికిస్తుందట, దగ్గర నిలబడి చూసుకోమంది. ఆయన వెళ్లి నిలబడ్డాడు. ఒక బక్షం విరిచి పూర్ణం వాసన చూశాడు, నాలుక మీద వేసుకున్నాడు. పాలు ఎప్పటివని అడిగాడు. ఇప్పుడే మీ ముందే పోయించుకున్న కదా అంది స్నిగ్ధ. యాలకుల పొడి వేసి దించాక గిన్నెలో పోసిచ్చింది. తిన్నాడు. ఇంకొంచెం పోయమన్నాడు.

ఇష్టపడి తిన్నాడో, తన అలక తీర్చడానికి తిన్నాడో స్నిగ్ధకు ఇప్పటికీ అనుమానమే.