రెండో తుమ్ము

నర్సీపట్నం బస్ కాంప్లెక్స్ వెనక టెంట్ హౌస్ నడుపుతున్న ఇద్దరు భాగస్తుల్లో చిన్నవాడు సాల్మన్‌రాజు. పుట్టుకతో బాప్టిస్టు, వృత్తిరీత్యా తుమ్ములరోగి. షామియానా దుమ్ము అతని ముక్కుకు పడదు. పెద్ద భాగస్తుడు చినబాబుది రావికమతం, చెరకు రైతుల కుటుంబం. బయల్దేరేటప్పుడు ఎవరైనా ఒక్క తుమ్ము తుమ్మితే, కాళ్లు కడుక్కుని, మంచినీళ్లు తాగి, చాలాసేపు కూర్చుంటేగాని చినబాబు గడప దాటడు. వెంటనే రెండోదీ వస్తే దోషం లేదు. పెట్టుబడుల గురించి, లాభాల గురించి ముందే మాట్లాడుకున్న ఈ విజ్ఞులు తుమ్ముల ప్రస్తావన మాత్రం తేలేదు.

కనుక వ్యాను కదిలే వేళకు ముక్కు నలుపుకుంటూ, ఊపిరి బిగబట్టి, సంస్థ శ్రేయస్సును సాల్మన్‌రాజు ఇన్నేళ్లూ ఒంటరిగా కాపాడుతూ వచ్చాడు.

ఆ గురువారం కాపాడలేకపోయాడు. రోలుగుంటలో తమ చర్చివాళ్ల పెళ్లి. “మీ చినబాబు శకునాలు సూసుకుంటా కూకుంటాడు బాబూ” అని సంఘపెద్ద తోమాగారు సందేహిస్తే, “టిఫిన్ల టైముకి షామియానా లేస్తాదండీ, నాదీ పూచీ” అని సాల్మన్‌రాజు మాటిచ్చి తెచ్చిన ఆర్డరు. కుర్చీలెక్కాయి. పనివాళ్లెక్కారు. స్టీరింగు పట్టే చినబాబు వ్యానులో ఒక కాలు పెట్టాడు. సాల్మన్‌రాజు తుమ్మాడు.

ఒక్కటే.

చినబాబు కాలు వెనక్కి తీసి బెంచీ మీద కూర్చున్నాడు. అందరూ సాల్మన్‌రాజు ముక్కు వైపే భక్తిగా చూశారు. అది ఇంకేమీ ప్రసాదించలేదు.

“ఇంకోటి తుమ్మీరా, ఎల్లిపోదాం.”

“రాట్లేదన్నా.”

“ఉత్తినే తుమ్మీ. ఎవుడు సూడొచ్చాడు?”

“పైనోడు సూత్తాడు. దొంగసాక్ష్యం సెప్పకూడదన్నా, ముక్కుతో అయినా సరే.”

“అయితే కూకో.”

తోమాగారి ఫోన్. “ఏటి బాబూ, ఎక్కడున్నారు?” అబద్ధమాడని మనిషిని అడగకూడని ప్రశ్న. “ఇంకా బయల్దేర్లేదండీ.” తోమాగారు గొంతు తగ్గించారు. “జనం ఎండలో నిలబడ్డారు బాబూ.” సాల్మన్‌రాజు చొక్కా వీపుకు అంటుకుపోయింది. పోయేది ఒక్క ఆర్డరే కాదు, చర్చిలో తన మాట.

చినబాబు రాతిమనిషి కాదు. ధర్మసందేహం తీర్చమని తల్లి అప్పలకొండమ్మకు స్పీకర్లో ఫోన్ చేశాడు.

“తుమ్మింది ఎవుడ్రా? సాల్మనా? ఆడి తుమ్ము మనకేటి తగుల్తాది? ఆళ్ల దేవుడు వేరు కదా! బేగి ఎల్లండ్రా!”

తీర్పు విని పనివాళ్లు హమ్మయ్య అనుకున్నారు. సాల్మన్‌రాజు కదల్లేదు.

“అంటే నా తుమ్ముకి లెక్కే లేదా అన్నా? మరిన్నాళ్లూ ఎందుకు బిగబట్టినట్టు?”

చినబాబు ముఖం వాడిపోయింది. లేచినవాడల్లా మళ్లీ బెంచీ మీద కూర్చున్నాడు. “మాయమ్మకేటి తెల్సు? నువ్వు నా పార్టనరివి. నీ తుమ్ము నా తుమ్మే. పూర్తిగా కూకునే ఎల్తాను.”

ఇంతటి గౌరవం సాల్మన్‌రాజుకు జన్మలో దక్కలేదు. దక్కడానికి ఇంతకంటే పాడు సమయమూ లేదు. ఫోన్ మళ్లీ మోగుతోంది.

“అన్నా, దండం పెడతాను. నా తుమ్ముకి లెక్కలేదు. అమ్మ సెప్పిందే రైటు. ఎక్కు.”

“బాధపడవు గదా?”

“పడతాను. రోలుగుంట ఎల్లాక పడతాను. ముందు ఎక్కన్నా!”

షామియానా లేచేసరికి టిఫిన్లు సగమయ్యాయి. తోమాగారు ఎదురొచ్చి ప్లేటు చేతికిచ్చారు. “కూకో బాబూ, ఉప్మా తిను” అన్నారంతే. తిట్టనందుకే సాల్మన్‌రాజు మరింత బాధపడి ప్లేటు పక్కన పెట్టేశాడు. పక్కన చినబాబు మారు వడ్డించుకుంటున్నాడు.