మగ్గం గుంత మీద పడిన నేరం

మా చిన్నాయన ఎమ్మిగనూరులో గుంట మగ్గం నేసేవాడు. నడుము దాకా గుంతలో దిగి, కాళ్లతో తొక్కుడు కర్రలు తొక్కుతూ, చేత్తో తాడు లాగి పోగుల మధ్య నాడెను అటూ ఇటూ ఆడిస్తూ పొద్దంతా ఉండేవాడు. పైకి రావడానికి ఒక్కటే సాకు, బీడీ. ఊరికే లేస్తే సోమరి అనేవాళ్లు, బీడీకి లేస్తే ఎవరూ ఏమీ అనరు.

ఎనభైల మొదట్లో ఆయనకు నడిస్తే పిక్క పట్టేసేది. చలికి చేతివేళ్ల కొనలు తెల్లబడేవి. తరువాత ఎడమకాలి చిటికెనవేలు నల్లబడింది. వీధి వీధంతా నేరం గుంత మీద మోపింది. దారం తెగకుండా గుంతలో ఉంచే చెమ్మే కాళ్లకు ఎక్కిందన్నారు. పిన్నమ్మ ఇసుక వేయించి మూటగట్టి కాపడం పెట్టింది. రక్తం సరిగా అందని కాలికి వేడి తెలియలేదు. బొబ్బ లేచి పుండైంది.

నేను ఆదోనిలో మూఢనమ్మకాల మీద ఉపన్యాసాలిస్తూ తిరిగే రోజులవి. సంగతి తెలిసి ఆయన్ను అక్కడి డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. డాక్టరు పాదం మీద వేళ్లు పెట్టి నాడి వెతికాడు. దొరకలేదు.

"బీడీలు తాగుతావా అప్పా?"

"అందరి మాదిరే."

"కాళ్లకూ చేతులకూ పోయే రక్తనాళాలు పొగాకుతో వాచి మూసుకుపోతున్నాయి. ఆ వేలు తీసెయ్యాల. బీడీ పూర్తిగా మానితే కాలు మిగులుతుంది. రోజుకొకటి తాగినా జబ్బు ఆగదు."

"పొగ నోట్లోంచి బయటికే పోతాది గదా సార్, కాల్లోకి యాడ దిగుతాది?"

"కొంతే బయటికి పోతుంది. మిగతాది ఊపిరితిత్తుల్లో రక్తంతో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది."

తిరుగు బస్సులో నేను అదే మళ్లీ వివరించబోయాను.

"ఇది మీటింగు గాదురా. బస్సంతా ఇంటాండారు," అన్నాడు. కాసేపటికి మెల్లగా, "కాలు పోతే మగ్గం ఎట్ల తొక్కాల?" అన్నాడు.

వేలు తీసేశారు. బీడీ మానడం అంతకంటే కష్టమైంది. సాకు పోయేసరికి గుంతలోంచి లేవడానికే సిగ్గుపడేవాడు. పొగాకు మీద నాకు కోపం ఉండేదే. కష్టం చేసే మనిషికి కాసేపు ఊపిరి తీసుకోవాలన్నా బీడీ పూచీ కావాలనే ఆచారం మీద అప్పుడు ఇంకా కోపం వచ్చింది. నేను కోపంలో ఉండగానే పిన్నమ్మ దారి కనిపెట్టింది. గట్టు మీద బొరుగుల గిన్నె పెట్టి, "లెయ్యి, మెత్తబడతాండాయి," అని కేకేసేది.

"ఏమన్నా, పసిపిల్లోని మాదిరి బొరుగులు తింటాండావే," అన్నాడు పక్కింటాయన, బీడీ ముట్టిస్తూ.

"తిన్నీలేప్పా," అన్నాడు చిన్నాయన. "నువ్వు ఆ పొగ తీసుకొని బయటికి పో."

పుండు మానింది. నలుపు పైకి పాకలేదు. మళ్లీ మగ్గం తొక్కినాడు. అప్పుడు పిన్నమ్మ మంత్రాలయానికి మొక్కుకున్నానని చెప్పింది. కాలు నిలబెట్టింది మొక్కు కాదని నేను వాదానికి దిగాను. చిన్నాయన చెయ్యెత్తి ఆపినాడు.

"బీడీ మానింది నేను, మొక్కింది మీ పిన్నమ్మ. ఇద్దరం పోతాము. నువ్వు ముందు పోయి బస్సులో సీటు పట్టు."

పోయి పట్టాను.