నేను దిద్దిన లెక్క

నా చిన్నప్పుడు మా సర్కారు బడిలో ఎర్ర పెన్సిలు ఎప్పుడూ నా చేతిలోనే ఉండేది. శామీర్‌పేట చెరువుకు కాస్త ఎడంగా ఉన్న పల్లె మాది. ఏడు తరగతులకు ముగ్గురే పంతుళ్లు. అందుకని బడిలో ఒక పద్ధతి నడిచేది. క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల నోటుబుక్కు ఒక్కటే సారు చూసేవారు. అది సరిగ్గా ఉందని సంతకం పెట్టాక, మిగతా నలభై మందివీ ఆ పిల్లే దిద్దాలి, రిజిస్టరులో మార్కులూ ఆ పిల్లే ఎక్కించాలి. ఆ పిల్ల నేనే. కోతికి కొబ్బరిచిప్ప దొరికినట్టు నాకు ఆ పెన్సిలు దొరికింది. ఏళ్ల తరబడి అది పట్టుకుని తిరిగానే తప్ప కొత్తగా నేర్చుకున్నది ఏమీ లేదు. ఆ సంగతి నాకు తెలియదు, నాకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

నా పక్కన కూర్చునేది చేపలు పట్టేవాళ్ల ఇంటి పిల్ల. వాళ్ల నాయిన చెరువులో వల వేస్తే, వాళ్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని మేడ్చల్ అంగడికి నడిచిపోయి అమ్మేది. సెలవు రోజుల్లో ఆ పిల్లా తల్లి వెంట పోయేది. క్లాసులో పెద్దగా మాట్లాడేది కాదు. లెక్కలు మాత్రం ఎప్పుడూ బోర్డు మీద ఉన్నట్టు చేసేది కాదు. సారు ఆరు వరుసల్లో చేసింది తను పక్కన ఏవో గీతలు గీసుకుని రెండు వరుసల్లో తేల్చేసేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. జవాబు కలిసినా సరే, వరుస కలవలేదని అడ్డంగా గీత కొట్టేదాన్ని. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఏడాదంతా ఆ పిల్ల పుస్తకాల మీద నడిచాను.

మేము ఏడో తరగతిలో ఉండగా పట్నం నుంచి బస్సులో వచ్చిపోయే ఒక టీచరమ్మ మా బడికి బదిలీ మీద వచ్చారు. శనివారం ఒంటిపూట బడి వదిలాక చురుకైన పిల్లల్ని కొందరిని ఆపుకుని, పుస్తకంలో లేని లెక్కలు ఇచ్చేవారు. ఆ పని చేయమని ఆమెను ఎవరూ అడగలేదు. రానివాళ్లకు చెప్పలేకనే చస్తున్నాం, వచ్చినవాళ్లకు ఇంకా ఎందుకమ్మా అని పెద్దసారు నవ్వేవారు. వచ్చిన పిల్లకు ఆకలుండదా సార్ అని ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తే. మొదటి శనివారం నన్నే పిలిచారు. నెల తిరిగేసరికి క్లాసులో ఆమె చూపు నా పక్కనున్న పిల్ల మీదికి పోవడం గమనించాను. అసూయ పడ్డాను కూడా, దాచుకోవడం ఎందుకు.

ఆ ఏడు ఎండాకాలం సెలవుల్లో పట్నంలో సర్కారు బడుల పిల్లలకు ప్రత్యేక తరగతులు పెడుతున్నారని బడికి కాగితం వచ్చింది. రెండు నెలలు తిండి, పడక అక్కడే. అందులో నెగ్గుకొస్తే హాస్టలున్న మంచి బడిలో పది దాకా చదువు. బడికి ఒక్క పేరే పంపాలి. ఆ పేరు నాదేనని ఊరంతా అనుకుంది. మా నాయిన అప్పుడే రేకుపెట్టె అరువు అడిగి వచ్చాడు.

పేరు పంపే గడువుకు ముందురోజు పొద్దున టీచరమ్మ బోర్డు మీద ఒక లెక్క రాశారు. ఒక మనిషి గంటకు నాలుగు కిలోమీటర్ల చొప్పున అంగడికి నడిచిపోయి, అదే దారిన గంటకు ఆరు చొప్పున తిరిగి వచ్చాడు, మొత్తం మీద గంటకు ఎంత చొప్పున నడిచినట్టు అని. కిందనే నాలుగూ ఆరూ కలిపి, రెండుతో భాగించి, ఐదు అని జవాబు వేశారు. అందరూ చేయండి, నువ్వు దిద్దిపెట్టు అని నాకు చెప్పి, పోయి వెనక బెంచీలో కూర్చున్నారు. మేమంతా ఎప్పటిలాగే బోర్డు చూసి దించుకున్నాం. నేను దిద్దుకుంటూ వచ్చాను. అందరికీ ఐదు. నా పక్క పిల్లకు మాత్రం ఐదుకు కొంచెం తక్కువ. గీత కొట్టాను. ఏడాదంతా నోరెత్తని పిల్ల ఆ రోజు ఎత్తింది.

"పోయేటప్పుడు మా అమ్మ నెత్తిమీద గంప బరువుంటది. మస్తు సేపు నడుస్తది. వచ్చేటప్పుడు ఖాళీ గంప, జల్దీ వస్తది. మెల్లగ నడిసిన సేపే ఎక్కువ గదా. ఐదెట్లయితది?"

నేను బోర్డు చూపించాను. "గాడ ఐదని ఉంది. నీది తప్పు."

టీచరమ్మ లేచి వచ్చి జవాబు చెరిపేశారు. దారి పన్నెండు కిలోమీటర్లు అనుకోండి అన్నారు. పోవడానికి మూడు గంటలు, రావడానికి రెండు. ఐదు గంటల్లో ఇరవై నాలుగు కిలోమీటర్లు నడిస్తే గంటకు ఐదు ఎక్కడ పడుతుంది? ఆమె కావాలనే తప్పు రాశారట. పట్టుకునేవాళ్లు ఇద్దరైనా ఉంటారని, అందులో నేనొకదాన్నని అనుకున్నారట. నా వైపు తిరిగి ఒక్కటే అడిగారు.

"నువ్వు లెక్క చేసినవా బిడ్డా, బోర్డు చూసినవా?"

"బోర్డు చూసిన టీచర్."

ఆమె తిట్టలేదు. రిజిస్టరు తెరిచి ఆ పిల్ల పేరుకు ఎదురుగా ఉన్న మార్కులు మొదటి నుంచి చివరిదాకా చదివారు. అన్నీ నా అక్షరాలే. తర్వాత పెద్దసారు దగ్గరికి పోయి, పంపాల్సింది ఈ పిల్లను అని చెప్పారు. ఆయన చెడ్డవారు కాదు. పైవాళ్లు రిజిస్టరు అడుగుతారు, అందులో ఆ పిల్ల అడుగున ఉంది, పాత నోటుబుక్కులు తెస్తే మళ్లీ దిద్ది మార్కులు సరిచేసి పంపుదాం అని ఒప్పుకున్నారు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే నేనూ ఆ పిల్లా వాళ్లింటికి పరుగెత్తాం. ఇంట్లో ఎవరూ లేరు. గూట్లో ఒక నోటుబుక్కు అట్ట ఉంది, లోపల కాగితాలు లేవు. ఆ పిల్ల అట్టను అటూ ఇటూ తిప్పి మళ్లీ గూట్లో పెట్టింది.

"అన్నీ తప్పులే గదా అని అమ్మకిచ్చిన. ఎండు చేపలకు పొట్లాలు గడుతాంది."

నేను గీతలు కొట్టిన కాగితాలన్నీ మేడ్చల్ అంగడిలో ఎవరెవరి ఇళ్లకో పోయాయి. అప్పటికి నడుస్తున్న పుస్తకంలో మిగిలినవి నాలుగైదు లెక్కలు. ఇంతమాత్రం చూపించి ఎట్ల ఒప్పించాలమ్మా అన్నారు పెద్దసారు. టీచరమ్మ సాయంత్రం బస్సు వదులుకుని మరీ ఆయనతో వాదించారు. మర్నాడు పట్నానికి నా పేరే పోయింది. నేను పోను, ఆ పిల్లను పంపండి అనే మాట నా నోటిదాకా కూడా రాలేదు. వచ్చిందని ఇప్పుడు రాసుకుంటే అది అబద్ధం.

బడి మళ్లీ తెరిచేసరికి టీచరమ్మను ఇంకో ఊరికి వేశారు. శనివారం క్లాసులు ఆమెతోనే ఆగిపోయాయి. ఆ పిల్ల ఎనిమిదిలో చేరలేదు, తల్లి వెంట రెండో గంప ఎత్తుకుంది. నేను హాస్టలు బడిలో చదివి లెక్కల టీచరునయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో మేడ్చల్ అంగడిలో ఆమె కనిపించింది. నన్ను తనే గుర్తుపట్టి, టీచరైనవంట గదా, మంచిగైంది, నాకే లెక్కలు రాకపాయె అంది. ఆ మాటలో కోపం కాస్తయినా ఉంటుందేమోనని వెతికాను. లేదు. ఆ ఒక్క రోజు లెక్క ఏదో కుదిరిందనుకుని, తను నిజంగానే లెక్కలు రాని పిల్లననే నమ్మి బతికింది. నేను నిలబడి, అది కాదు అని చెప్పాల్సింది. గిరాకీ ఉంది కదా, మళ్లీ చెప్దాంలే అనుకుని వచ్చేశాను. ఆ మళ్లీ రాలేదు.

రిటైరైన తర్వాత ఈ ఏడు మా వైపు ఒక సర్కారు బడిలో చురుకైన పిల్లలకు శనివారం తరగతులు పెట్టారు. నన్ను వచ్చి చెప్పమంటే సంబరంగా పోయాను. పిల్లల్ని ఎలా ఎంచారని అడిగాను. మార్కుల వరుసలో మొదటి పది మంది అన్నారు. మిగిలినవాళ్ల నోటుబుక్కులు నన్నొకసారి చూడనివ్వండి, తప్పు కొట్టినవే చూస్తాను అన్నాను. కుర్చీ వేశారు, చాయ్ ఇచ్చారు, నా మాట చివరిదాకా విన్నారు. ఆ తర్వాత, లిస్టు అప్‌లోడ్ అయిపోయింది మేడమ్, ఇగ మార్చరాదు అన్నారు. వాళ్లను ఏమనను? ఆ పది మందికే చెప్పి వస్తున్నాను.

తప్పు ఒప్పుకుంటే మనసు తేలికవుతుందంటారు. నాకు కాలేదు. పిల్లలు దండం పెట్టినప్పుడల్లా, నాకు ఆ సీటు తెలివికి రాలేదని, చక్కగా దించుకున్నందుకు వచ్చిందని గుర్తొస్తుంది. ఆ పిల్ల చదువు నేను చదివాను. ఆ పిల్ల ఉద్యోగం నేను చేశాను. ఇప్పుడు ఆమె పింఛను కూడా నేనే తింటున్నాను.