రాజమణక్క భయపడిన రోజులు

షోలాపూర్ హోట్గి రోడ్డులో సాయంత్రం నడకకు వెళ్ళినప్పుడు వెనకనుంచి వచ్చే జీపు గేరు మార్చి నెమ్మదిస్తే నా అరచేతులు ఇప్పటికీ చెమరుస్తాయి. నిన్న అలాగే అయింది. జీపు నా పక్కకొచ్చి ఆగింది. లోపలున్న యువకుడు తల బయటపెట్టి ఏదో పెళ్ళి జరిగే హాలుకు దారి అడిగాడు. చేత్తో చూపించాను. అతడు వెళ్ళిపోయాక కూడా డీజిలు వాసన పోయేదాకా అక్కడే నిలబడ్డాను. యాభై దాటినదాన్ని, వెలుతురున్న రోడ్డు మీద, చుట్టూ ఇంతమంది మనుషుల మధ్య ఎందుకింత భయం? ఇంటికి వచ్చి మంచినీళ్ళు తాగాక గాని ఊపిరి కుదుటపడలేదు. ఆ చప్పుడు నన్ను తీసుకువెళ్ళేది మా జిల్లాలోనే ఒక మెట్ట ఊరి మట్టిబాట మీదికి. ఆ ఊరి పేరు రాయను. అక్కడివాళ్ళు ఇంకా అక్కడే బతుకుతున్నారు. ఆ బాట మీద నా పక్కన నడిచిన మనిషి రాజమణక్క.

కుంఠా నాకాలో మా ఇంటికీ ఆమె ఇంటికీ నడుమ ఒకటే గోడ. మా పెద్దలూ వాళ్ళ పెద్దలూ నేతపని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి షోలాపూర్ చేరినవాళ్ళే. ఆమె భర్త నర్సయ్య బావ సాంచాల కార్ఖానాలో పనిచేసేవాడు. కరెంటు మగ్గాలను మేం సాంచాలనే అంటాం. ఆమె ఇంట్లో కూర్చుని కండెలకు నూలు చుట్టేది. పొడగరి, కొంచెం వంగి నడిచేది, ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే వాళ్ళ పెదవులకేసి చూసేది. పగలంతా సాంచాల హోరులో ఉండే మా బస్తీలో చాలామందికి ఆ అలవాటుంది. ఎనభైల చివరి సంవత్సరాలవి. చేతిమగ్గాలను ఒక్కో ఇంట్లో విప్పేస్తున్నారు. వాటి కర్రలు కొన్ని అటక ఎక్కేవి, కొన్ని నీళ్ళపొయ్యిలోకి పోయేవి.

ఒకసారి బంధువులెవరో ఆసుపత్రిలో ఉంటే రాజమణక్క చూడ్డానికి వెళ్ళింది. అక్కడ వరండాలో చాప మీద ఒక పల్లెటూరి పిల్ల ఒంటరిగా పడి ఉంది. పేరు సుమన్. భర్తతో కలిసి చెరుకు కోతకు పోయి, నిండు నెలలతో కోస్తూ కోస్తూ చేలోనే ప్రసవించింది. బిడ్డ దక్కలేదు. ఆమెను అక్కడ దింపి, కోత ఆగకూడదని భర్తను ముకాదం, అంటే కోతకు కూలీలను కుదిర్చి తీసుకుపోయే మేస్త్రీ, వెనక్కి తీసుకుపోయాడు. రాజమణక్క తన బంధువుల సంగతి మరిచిపోయి, ఆ పిల్ల లేచి నడిచేదాకా రోజూ గంజి కాచి తీసుకుపోయింది. ఆ తర్వాత ఆమెను చూడ్డానికి వాళ్ళ ఊరు వెళ్ళి వచ్చింది. వచ్చినప్పటినుంచి ఆమెకు వేరే ధ్యాస లేదు.

"వానకాలం అయిపోతే ఆ గావ్‌ల చేతికి పనే లేదు పిల్లా. గందుకే ముకాదం పిలిస్తే లారీ ఎక్కుతున్నరు. మనకాడ మగ్గాలు పొయ్యిల పడుతున్నయి, వాళ్ళకాడ చేతులు ఖాళీగున్నయి," అంది మా గడపలో కూర్చుని.

ఆమెను ఎవరూ పంపలేదు, ఎవరూ జీతమివ్వలేదు. ఇల్లిల్లూ తిరిగి విప్పేసిన మగ్గాలు అడుక్కుంది. కొందరు నవ్వారు, కొందరు ఇచ్చారు. పాత నూలు, మిగిలిన పడుగులు పోగుచేసింది. తెలిసినవాళ్ళ టెంపోలో అన్నీ వేసుకుని ఆ ఊరికి చేర్చింది. ఊరివాళ్ళు పాడుబడ్డ ధాన్యం గదిని ఖాళీ చేసి ఇచ్చారు. కార్ఖానాలకు సెలవున్న రోజు వెళ్ళి టువాళ్ళు, అంటే తువ్వాళ్ళు, నేయడం నేర్పేది. ఆమె మరాఠీ బజారు వరకే. నేను మరాఠీ బడిలో చదివినదాన్ని. అందుకని నన్ను అడిగింది. మా బాపు ఒప్పుకోలేదు. "జమానా మంచిగ లేదు, ఆడపిల్లను ఊరూరు తిప్పుతవా?" అన్నాడు. "నా పక్కకెళ్ళి కదలనియ్య అన్నా," అని ఆమె మాటిచ్చింది. అలా పంతొమ్మిదేళ్ళ వయసులో ఎర్ర బస్సెక్కి, బాట మొదట్లో దిగి, ఆమెతో నడిచి ఆ ఊరికి వెళ్ళాను.

మొదటి నెలలు సంతోషంగానే గడిచాయి. ఆడవాళ్ళు పోగు తెగినప్పుడల్లా గట్టిగా నవ్వేవాళ్ళు. సుమన్ తక్కువ మాట్లాడేది గాని చెయ్యి తొందరగా తిరిగింది. వాళ్ళు నేసిన టువాళ్ళను రాజమణక్క కొంతం చౌక్‌లో ఒక దుకాణంలో అమ్మిపెట్టేది. దసరా దగ్గరపడేసరికి సుమన్ మళ్ళీ గర్భంతో ఉంది. ఈసారి కోతకు పోనని భర్తతో చెప్పింది. ఆమెను చూసి ఇంకొందరు ఆడవాళ్ళు అదే మాట అన్నారు. కోతకు కావలసింది భార్యాభర్తల జంట. భార్య రానంటే ముకాదానికి జంట పోయినట్టే.

ఆ వారమే మేము తిరిగి వస్తుంటే వెనక జీపు చప్పుడు వినిపించింది. పొద్దు వాలుతోంది. బాటకు రెండు పక్కలా కోసేసిన జొన్నచేలు, కనుచూపు మేరలో మనిషి లేడు. పక్కకు జరిగి దారిచ్చాం. జీపు ముందుకు పోలేదు. మా వెనకే, మా నడక వేగానికి తగ్గి వచ్చింది. ఆగితే ఆగింది. నడిస్తే కదిలింది. రాజమణక్క వెనక్కి తిరగలేదు. నా మోచెయ్యి పట్టుకుని, "సూడకు," అంది పెదవులు కదలకుండా. బస్సు ఆగే చోటు కనిపించాక జీపు మా పక్కకు వచ్చింది. లోపల ముకాదం, తెల్లని టోపీ, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. చాలా మర్యాదగా మరాఠీలో మాట్లాడాడు. తమ ఊరి ఆడవాళ్ళకు మంచి పని నేర్పుతున్నారని మెచ్చుకున్నాడు. తర్వాత నాకేసి చూసి మా బాపు పేరు చెప్పాడు. ఆయన పనిచేసే కార్ఖానా పేరు, మా ఇంటి తలుపు రంగు చెప్పాడు. "వయసు పిల్ల. బస్సు తప్పిపోతే చీకటి పడుతుంది. జాగ్రత్త," అని వెళ్ళిపోయాడు.

ముకాదం ఒక్క చెడ్డ మాట అనలేదు. ఆ రాత్రినుంచి నాకు అన్నం దిగలేదు. బాపు కార్ఖానానుంచి కాస్త ఆలస్యమైతే వీధి చివరిదాకా వెళ్ళి నిలబడేదాన్ని. మా ఇంటి నీలం రంగు తలుపును చూస్తే దానికి కళ్ళున్నట్టు అనిపించేది. మళ్ళీ వెళ్ళవలసిన రోజు రాగానే రాజమణక్క ఇంటికి పోయి, "నాకు భయమైతుంది అక్కా, నేను రాను," అని చెప్పేశాను.

కోప్పడుతుందనుకున్నాను. ఆమె రాట్నం ఆపి నాకేసి చూసింది. "నాకూ అయితది," అంది. "బస్సు దిగుతుంటే కాళ్ళు గజగజ వణుకుతయి. ఆ బాటల రెండుసార్లు కక్కుకున్న. నువ్వు సూడలే."

నేను నమ్మలేకపోయాను. "మరెందుకు పోతవ్?"

"ఆ పిల్ల మళ్ళ చేన్ల కనొద్దని." చుట్టిన కండెను గంపలో వేసి, "నువ్వు రాకు. నిన్ను రమ్మనను. లారీ వచ్చేనాడు నేనొక్కదాన్నే పోయి నిలబడత. ఏం చెప్పాల్నో నేర్పు. ఆమె రాదు అని మరాఠీల ఎట్లంటరు?"

"తీ యేణార్ నాహీ."

ఆమె పలికింది. తడబడింది. మళ్ళీ పలికింది. కండెల గంప పక్కన కూర్చుని, చిన్నపిల్ల ఎక్కం వల్లించినట్టు ఆ మూడు మాటలనే చెప్పుకుంటూ పోయింది. ఒక్కోసారి మధ్యలో మాట మరిచిపోయేది. అప్పుడు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది. అది వింటూ నేను ఏడ్చాను. లారీ వచ్చే రోజు ఉదయం బస్సులో ఆమె పక్కన కూర్చున్నాను. బాపుకు అంతా చెప్పే వచ్చాను. ఆయన ఒప్పుకోలేదు. ఆపనూ లేదు. మేం గడప దాటుతుంటే మొహం గోడకేసి తిప్పుకున్నాడు.

మేము వెళ్ళేసరికి లారీ ఊరి మధ్యలో ఆగి ఉంది. మూటలు, గిన్నెలు, పిల్లలు, మేకలు ఎక్కుతున్నాయి. మగ్గం నేర్చుకున్నవాళ్ళలో సగంమంది కళ్ళు దించుకుని అందులో కూర్చున్నారు. సుమన్ భర్త లారీ కింద నిలబడి ఉన్నాడు. సుమన్ మాత్రం ధాన్యం గదిలో మగ్గం ముందు ఉంది. మరో నలుగురైదుగురు ఆడవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చున్నారు. మేము లోపలికి పోగానే బయట చెప్పుల చప్పుడైంది. ముకాదం, అతని వెనక ఇద్దరు మనుషులు. ఒకడి చేతిలో చెరుకు నరికే కొడవలి.

రాజమణక్క గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. ఒక చెయ్యి ద్వారబంధం మీద ఉంది. రెండో చెయ్యి వెనక్కి చాచి నా చెయ్యి పట్టుకుంది. మంచులా చల్లగా, తడిగా ఉంది. ఆమె ఒళ్ళంతా వణుకుతుంటే గాజులు సన్నగా మోగుతున్నాయి. ఆ చప్పుడు అందరికీ వినిపిస్తూనే ఉంది. ముకాదానికీ వినిపించింది. అతడు నవ్వాడు.

"తీ యేణార్ నాహీ," అంది రాజమణక్క.

"గట్టిగా చెప్పు," అన్నాడతడు మరాఠీలోనే.

"తీ యేణార్ నాహీ."

అతడు ఆమెను పక్కకు నెట్టాడు. ఆమె ద్వారబంధానికి తగిలి నా మీద పడింది. కొడవలి ఉన్నవాడు నేరుగా మగ్గం దగ్గరకు పోయాడు. సుమన్ రెండు చేతులతో కడుపును కప్పుకుంది. వాడు కొడవలి ఎత్తినప్పుడు నా కళ్ళు మూసుకుపోయాయి. వినిపించింది మాత్రం బిగువుగా ఉన్న పడుగు ఒక్కసారిగా తెగిన చప్పుడు. కళ్ళు తెరిచేసరికి దారాలు రెండువైపులా వేలాడుతున్నాయి. సుమన్ కదలకుండా కూర్చునే ఉంది. గోడకు ఆనుకున్న ఆడవాళ్ళు ఒక్కరొక్కరే లేచి వచ్చి ఆమె చుట్టూ కూర్చున్నారు. ఎవరూ కేకలు వేయలేదు. వాళ్ళూ వణుకుతున్నారు. ఆ గదిలో భయపడనిది ఎవరో చెప్పమంటే చెప్పలేను. బయట లారీ హారను మోగింది. ఎక్కినవాళ్ళు దిగిపోతారని అనుకున్నాడో, పొద్దెక్కుతోందని అనుకున్నాడో తెలియదు, ముకాదం నేల మీద ఉమ్మి వెళ్ళిపోయాడు. సుమన్ భర్త లారీ ఎక్కాడు. ఆమె ఎక్కలేదు.

తిరుగు బస్సులో రాజమణక్క కిటికీ పక్కన కూర్చుంది. నాకు ఆమె మీద గౌరవం పొంగిపోతోంది. "నాకు ధైర్యం ఇయ్యనీకే నా చెయ్యి పట్టుకున్నవ్ గదా అక్కా," అన్నాను.

"ధైర్యమా?" అని నాకేసి తిరిగింది. "నేను ఉరికిపోకుంట పట్టుకున్న పిల్లా. నువ్వు వెనక లేకుంటే ఆ గది కిడికిలకెళ్ళి దుంకుదును."

తర్వాతి సంగతులు అన్నీ మంచివి కావు. నెల తిరక్కుండా నర్సయ్య బావను పనిలోంచి తీసేశారు. కారణం ఎవరూ చెప్పలేదు. చాలాకాలం ఆయన వేరే చోట దినకూలికి పోయాడు. ఆ విషయమై ఆమెను ఒక్క మాటా అనలేదని మా అమ్మ చెప్పేది. మేము మాత్రం ఆ ఊరికి పోవడం మానలేదు. జీపు ఇంకా రెండు మూడుసార్లు మా వెనక వచ్చింది. వచ్చిన ప్రతిసారీ నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. తెగిన పడుగును రాజమణక్క, సుమన్ పక్కపక్కన కూర్చుని పోగు పోగూ అతికారు. ఎండలు మొదలవుతుండగా సుమన్‌కు తన ఇంట్లో, మంత్రసాని చేతిలో ఆడపిల్ల పుట్టింది. భర్త తిరిగి వచ్చి పాపను ఎత్తుకున్నాడు. మరుసటి ఏడు అతడూ లారీ ఎక్కలేదు. కొన్నేళ్ళకు సాంచాల టువాళ్ళ చవక ముందు ఆ మగ్గాలు నిలవలేక ఆగిపోయాయి. అప్పటికి ఆ ఆడవాళ్ళు మేకలు, కుట్టుపని, పాలు అంటూ వేరే దారులు చూసుకున్నారు. అందరూ కాదు, కొందరు.

రాజమణక్క ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. చివరి రోజుల్లో పక్కన కూర్చుని, "ఇప్పుడు భయమైతుందా అక్కా?" అని అడిగాను. "అయితుంది," అంది వెంటనే. "కూసో."

కూర్చున్నాను.

ఈ జిల్లా ఊళ్ళలో ఆడవాళ్ళ సంఘాలతో పనిచేస్తూ నా జుట్టు నెరిసింది. కిందటేడు ఒక ఊరికి వెళ్ళవలసి వచ్చింది. అక్కడ సారా వ్యాపారి మా మీద కోపంగా ఉన్నాడని ముందే తెలుసు. కొత్తగా చేరిన పిల్లలు నలుగురు నాతో వస్తామన్నారు. ముగ్గురు మాకేం భయం లేదన్నారు. నాలుగో అమ్మాయి తల వంచుకుని, "మేడమ్, నాకు చాలా భయంగా ఉంది. కానీ వస్తాను," అంది. ఆ ముగ్గురినీ ఆఫీసులో ఉండమన్నాను. నాకూ భయంగానే ఉందని చెప్పి, ఆ అమ్మాయితో బస్సెక్కాను.